అత్తయ్యగారితో ఏనుగుల రేవుకి

లుసాకా నుంచి

ప్రియమైన అక్కకి, నీ చెల్లెలు రత్న ప్రేమతో.

నువ్వూ, బావగారూ, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను. ప్రభువు దయవల్ల మేమూ బాగున్నాం. బడిలో పరీక్షలయ్యాయి. ఎండలు ముదిరాయి గానీ మన దగ్గరలా ఉక్కపోత లేదు. వేళకి తింటున్నాను, నా గురించి బెంగపడకు.

మొన్న ఫోన్లో అత్తయ్యగారి సంగతి అడిగితే మాట దాటేశాను. ఆవిడ పక్కనే ఉన్నారు మరి. మావయ్యగారు పోయాక ఆవిణ్ణి కొత్తపేట నుంచి తెచ్చుకున్నామా, వచ్చిన దగ్గర్నుంచీ గది దాటలేదు. సమాధి దగ్గరా ఏడవలేదు, ఇక్కడా ఏడవలేదు. ఏం చెయ్యాలో తోచక మీ మరిది సెలవులకి లువాంగ్వా నది ఒడ్డునున్న అడవికి ప్రయాణం కట్టారు.

"జంతువుల్ని చూసే వయసేంట్రా నాది? నన్నొదిలెయ్యండి," అన్నారావిడ. చెయ్యి పట్టుకుని కారెక్కించాను.

రోజంతా ప్రయాణం. చివరికి ఊళ్లూ అయిపోయాయి, ఫోన్ సిగ్నలూ పోయింది. నది ఒడ్డున గడ్డి కప్పిన గదుల్లో దిగాం. మర్నాడు పొద్దున్నే పడవెక్కాం. నేను నల్లరాళ్లనుకున్నవి చెవులు విదిలించాయి. నీటిగుర్రాలక్కా! నేను పడవ అంచు గట్టిగా పట్టుకున్నాను. అత్తయ్యగారు మాత్రం కొంగు కప్పుకుని ఎటో చూస్తూ కూర్చున్నారు.

ఇంతలో అవతలి ఒడ్డు నుంచి ఏనుగుల మంద నీళ్లలోకి దిగింది. పడవ నడిపే బాండా గారు దూరంగానే ఇంజను ఆపేశారు. పెద్దవన్నీ దాటుతున్నాయి. నడి ఏట్లో ఒక గున్న ఏనుగు కాళ్లు నేలకందక కొట్టుకుపోసాగింది. తొండం ఒక్కటే పైకి తేలుతోంది, మునుగుతోంది.

"అయిపోయింది," అని గొణిగారు మీ మరిది.

"పట్టుకోవే తల్లీ, పట్టుకో!" అత్తయ్యగారు పడవలో లేచి నిలబడి కేకేశారు.

బాండా గారు కంగారుగా కూర్చోమని సైగ చేస్తున్నారు. ఆవిడ వింటేగా! తల్లి ఏనుగు వెనక్కి తిరిగి దిగువన అడ్డంగా నిలబడింది. ఇంకో ఏనుగు ఎగువన నిలబడి నీటి వేగానికి అడ్డు కాసింది. ఆ రెండింటి మధ్య నుంచి గున్న మెల్లగా ఒడ్డెక్కింది.

అత్తయ్యగారు కూలబడి బావురుమన్నారు. "మీ మావయ్యగార్ని పట్టుకోలేకపోయేనే రత్నా! చెయ్యి నా చేతిలోనే ఉంది. వెళ్లిపోయేరు."

నేను గట్టిగా పొదివి పట్టుకున్నాను. మీ మరిది తల్లి ఒళ్లో తల పెట్టుకున్నారు. ఆవిడ ఏడుపు తీరేదాకా బాండా గారు ఇంజను వెయ్యలేదు.

గదికొచ్చాక, "ఆకలేస్తందే," అన్నారు. మొక్కజొన్న సంకటీ చేపా పెట్టారు. బాండా గారు వచ్చి, "అమాయీ, ఎలా ఉన్నారు?" అని ఇంగ్లీషులో పలకరించారు. వీళ్ల భాషలో అమాయి అంటే అమ్మగారని.

"ముసల్దాన్ని పట్టుకుని అమ్మాయీ అంటాడేంటే!" అని అత్తయ్యగారు పొలమారేలా నవ్వారు.

ఇప్పుడు వంటింట్లోకి వస్తున్నారు. నా పులుసుకి వంకలు పెడుతున్నారు. వినడానికి ఎంత హాయిగా ఉందో!

ఒక్క పని చేసిపెట్టవే. మావయ్యగారి ఫొటో తెస్తామంటే అప్పుడు ఆవిడ ఒప్పుకోలేదు, కొత్తపేట ఇంట్లోనే వదిలేసి వచ్చాం. నిన్న ముందు గదిలో గోడ చూపించి, "మీ మావయ్యగారిని ఇక్కడ పెట్టు, అందరూ తిరిగే చోట," అన్నారు. తాళం నీ దగ్గరే ఉందిగా, ఎవరైనా ఇటు వస్తుంటే ఫొటో పంపించు. మేకు ఇవాళే కొట్టేశాం.

బావగారికి మా వందనాలు, పిల్లలకి ముద్దులు. ప్రార్థనలో అత్తయ్యగారిని తలుచుకోండి.

నీ చెల్లి,
రత్న