రెండో మొక్కు

నగరి,
12-6-1983.

చి.ల.సౌ. మునిలక్ష్మికి అక్క అలివేలమ్మ దీవించి రాసేది. ఇక్కడ నేనూ, నా రాట్నమూ, పెరట్లో మునగచెట్టూ బాగున్నాము. ఆ భూటాన్ కొండల్లో నువ్వూ, ఏకాంబరమూ, పిల్లలిద్దరూ స్వామి చల్లని చూపులో ఉన్నారని నమ్ముతున్నాను.

నీ ఉత్తరం అందింది. మీ మిలిటరీ క్యాంపు బడిలో వచ్చే ఏడాది నుంచి డిగ్రీ ఉన్నవాళ్ళనో, కనీసం డిగ్రీ చదువుతున్నవాళ్ళనో మాత్రమే టీచర్లుగా ఉంచుతారనీ, లేకుంటే నిన్ను ఆయాగా వేస్తారనీ రాశావు. నాలుగేళ్ళుగా జవాన్ల పిల్లలకు అక్షరాలు దిద్దించిన చేయి నీది. ఉద్యోగం సంగతి అలా ఉంచు, ముప్పై ఆరేళ్ళకు కాలేజీ చదువు మీద మళ్ళీ ఆశ పుట్టింది, తప్పా అక్కా అని అడిగావు. తప్పు కాదు.

నిన్న తిరుపతికి పోయి ఫారం తెచ్చాను. కొత్తగా పెట్టిన ఓపెన్ యూనివర్సిటీ అట. ఇంటరు లేకపోయినా, తిరుపతిలో ప్రవేశ పరీక్ష రాసి గట్టెక్కితే నేరుగా బి.ఎ.లో చేరవచ్చు. తర్వాత పాఠాలు పోస్టులో వస్తాయి. కిటికీ దగ్గర గుమాస్తా, "ఎవురికమ్మా ఫారం, మనవడికా?" అన్నాడు. చెల్లెలికి అన్నాను. నీ అడ్రసు చూసి, "ఊరి పేరే లేదే. 99 ఏ.పి.ఓ. అని అంకెలే ఉండాయి. ఈయమ్మ యాడుండాది?" అన్నాడు. మిలిటరీ వాళ్ళ ఊళ్ళు అంకెలేనప్పా, పద్దెనిమిదేళ్ళుగా నేను అంకెలకే ఉత్తరాలు రాస్తున్నాను అన్నాను. అతను నవ్వి, నగరి అడ్రసు వేయమన్నాడు. కాబట్టి నీకు వచ్చేవన్నీ ఇక్కడికి వస్తాయి. నేను పంపుతాను.

నీ ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకం నాయన పెట్టెలో భద్రంగా ఉంది. కలరా ఉండలు వేసి ఉంచాను. ఒక్క పురుగు ముట్టలేదు.

ఒక మాట. ఉత్తరం చివర, "నాయన కోసం తలనీలాలు ఇచ్చిన దానివి నువ్వు. నీ ముందు నా కోరికలెంత" అని ఎప్పటిలాగే రాశావు. ఆ మాట ఇక రాయవద్దు.

ఫారం మీద ఎర్ర పెన్సిలుతో గుర్తు పెట్టిన చోట్ల సంతకాలు చేసి, వెంటనే తిప్పి పంపు.

నీ అక్క
అలివేలమ్మ

●

నగరి,
20-11-1983.

చి.ల.సౌ. మునిలక్ష్మికి అక్క దీవెనలు. నేను క్షేమం. మీ అందరి క్షేమం కోరి సాయంత్రం దీపం పెట్టి ఇది రాస్తున్నాను.

పుస్తకాల పార్శిలు పంపాను. తెల్లగుడ్డలో పెట్టి నేనే కుట్టాను. లెక్కల పుస్తకం పక్కింటి పంకజాక్షి ఇచ్చింది. ఆమె ఇక్కడ హైస్కూలులో టీచరు, నీకంటే చిన్నది. నీ సంగతి విని, ఏ లెక్కలు ముఖ్యమో గుర్తులు పెట్టి ఇచ్చింది. పంపేముందు నూలు కండెలు చుడుతూ, పుస్తకాన్ని రాట్నం ముందు నిలబెట్టి చదివాను. ఐదో తరగతి దాన్ని, నాకు ఏం అర్థమవుతుంది? రెండు ఊళ్ళ నుంచి రెండు రైళ్ళు ఎదురెదురుగా బయలుదేరితే ఎప్పుడు కలుస్తాయి అని ఒక లెక్క ఉంది. జవాబు రాలేదు. ఒకటి నీ రైలు అనుకుని కాసేపు కూర్చున్నాను. దారం తెగింది.

చిన్నబ్బ మామ వచ్చి పోయినాడు. అమ్మ తమ్ముడు కదా, అనే హక్కు ఉంది. "ఏమ్మే అలివేలూ, నీ సెల్లెలు మల్లా పలక పట్టిందంట. ఇద్దురు బిడ్డలకు సద్ది కట్టి, తనూ సంచి తగిలించుకోని పోతాదా బడికి?" అన్నాడు. నువ్వు డెబ్బై ఏళ్ళకు పండ్లు కట్టించుకోలేదా మామా, నీకు నమలాలనిపించింది, దానికి చదవాలనిపించింది అన్నాను. ఆ కట్టుడు పండ్లతోనే నవ్వినాడు. పోతూ పోతూ, "పాసైతే సెప్పు, నాకూ ఒగ ఫారం తే" అన్నాడు.

ఇక నీ ఉత్తరం. అక్కడ చలికి ఇంకు గడ్డకడితే బుఖారీ పొయ్యి పక్కన పెట్టి కరిగించుకుని రాశానన్నావు. అంత కష్టపడి రాసింది ఏమిటంటే, మానేస్తానని. మేజరు గారి భార్య నీ చేతిలో లెక్కల పుస్తకం చూసి పిల్లల కోసమా అని అడిగితే, ఊ అన్నావట. ఇంటికి వచ్చి ఏడ్చావట. ఏకాంబరం రొట్టెలు కాలుస్తూ, "నేను పరమోషను పరీచ్చ మూడుసార్లు తప్పినానే, నువ్వు ఒగసారి తప్పితే ఏం మునిగిపోతాది?" అన్నాడని రాశావు. మంచివాడు. అది నేను ఎప్పుడూ ఒప్పుకుంటాను.

మునీ, ఎవరైనా ఒకటి అనుకుని అడిగినప్పుడు ఊ అని ఊరుకోవడం తేలిక. తర్వాత మోయడం కష్టం. నాకు తెలుసు. ఆమె మళ్ళీ కనబడితే, పుస్తకం నా కోసమే అని చెప్పు. చెప్పినాక నాకు రాయి.

బావ పోయి నేను ఈ ఇంటికి తిరిగి వచ్చేటప్పటికి నీకు ఏడేళ్ళు. అమ్మ లేని పిల్లవి. నా జడ కొస గుప్పిట్లో పట్టుకుంటే తప్ప నిద్రపోయేదానివి కాదు. నేను కదిలితే లేచేదానివి. ఎందుకో ఇవాళ గుర్తు వచ్చింది.

చదువు.

నీ అక్క
అలివేలమ్మ

●

నగరి,
4-3-1984.

చి.ల.సౌ. మునిలక్ష్మికి అక్క దీవించి రాసేది. నేను బాగున్నాను. నీ చేతుల చలి పగుళ్ళు మానాయని తలుస్తాను. కొబ్బరి నూనె వెచ్చచేసి రాయి.

మేజరు గారి భార్యకు నిజం చెప్పావని చదివి, ఉత్తరం స్వామి పటం దగ్గర పెట్టాను. ఆమె మరునాడే తన ఇంగ్లీషు నిఘంటువు పంపిందట కదా. మనం అనుకున్నంత చెడ్డగా మనుషులు ఉండరు.

నీ హాల్‌టికెట్టు వచ్చింది. ఏప్రిల్ ఒకటి, ఆదివారం, తిరుపతిలో పరీక్ష. పోస్టుమాన్ మునెయ్య గడపలో నిలబడి, "అంకెలూరి అమ్మకు నంబరు కూడా వచ్చినాదే" అన్నాడు. చేతిలో బెల్లం ముక్క పెట్టాను.

నీకు సెలవు మంజూరైందని రాశావు. హసిమారా రైలు స్టేషను దాకా మిలిటరీ లారీ ఉంది, రైలు టిక్కెట్టుకు మిలిటరీ వాళ్ళిచ్చే వారంటు కాగితం ఉంది, పిల్లలను ఏకాంబరం చూసుకుంటానన్నాడు. అన్నీ ఉండి, చివరకు రాననే అనిపిస్తోంది అన్నావు. ఎందుకూ అంటే, మళ్ళీ అదే మాట. "నువ్వు నాయన కోసం జడ ఇచ్చేసి, ఏమీ కోరుకోకుండా బతికినావు. నేను ఈ వయసులో బిడ్డలను వదిలి నా కోసం దేశాలు దాటి రావడం సిగ్గుగా ఉంది" అని.

ఆ మాట రాయవద్దన్నాను. రాశావు. ఆ వాక్యం నాలుగు రోజులు నా కొంగున ముడివేసుకుని తిరిగాను.

మొన్న శనివారం కొండకు పోయి వచ్చాను. అలిపిరి నుంచి నడిచే ఎక్కాను. మోకాళ్ళు సతాయించాయి. మోకాళ్ళ పర్వతం దగ్గర ఒక ముసలమ్మ, "ఏం మొక్కుండావమ్మా, ఈ వయసులో నడిసి పోతా ఉండావు?" అంది. పాత బాకీ అన్నాను.

రావాలనుకుంటే మద్రాసులో దిగి, తిరుపతి రైలెక్కి, మన ఏకాంబరకుప్పం స్టేషనులో దిగు. మీ ఆయన పేరున్న ఊరు, దాటిపోవు. నేను ప్లాట్‌ఫారం మీద తలనిండా కొంగు కప్పుకుని ఉంటాను. గుర్తుపట్టు. ముందు రోజే తిరుపతి చేరుకుందాము. పులిహోర కడతాను. రెండు పెన్నులు తెచ్చుకో. ఇక్కడ ఇంకు గడ్డకట్టదు.

ఏకాంబరానికీ, పిల్లలకూ నా దీవెనలు.

నీ అక్క
అలివేలమ్మ

తా.క.: సంతకం పెట్టాక ఇంకో కాగితం తీసుకున్నాను.

కొంగు జారితే నా తల చూస్తావు. గుండు. మొన్న కొండ మీద ఇచ్చాను. ఇప్పటి నా జడ చిటికెన వేలంత, స్వామికి పెద్ద లాభమేమీ లేదు. చూడగానే, ఎవరి కోసం అక్కా అంటావు. పంతొమ్మిదేళ్ళ కిందట కూడా అడిగావు. అందుకే ముందే రాస్తున్నాను.

తిరుపతి కాలేజీలో పి.యు.సి. సీటు వచ్చినట్టు నీకు కార్డు వచ్చిన వారం అది. ఏకాంబరం వాళ్ళ పెద్దలు నిన్ను చూసి పోయారు. అబ్బాయి కంటే ఎక్కువ చదివిన పిల్ల వద్దన్నారు. నాయన పక్షవాతంతో మంచంలో ఉన్నాడు. నువ్వు కాలేజీకే పోతానని రెండు రోజులు అన్నం ముట్టలేదు. నాకు భయం వేసింది. నాయన కన్నుమూస్తే, పెళ్ళికాని నిన్ను పెట్టుకుని, మగదిక్కు లేని నేను ఏం చేయగలను అనుకున్నాను. అది సగమే. మిగతా సగం ఇది: ఐదో తరగతితో ఆగినదాన్ని, నా చేతుల్లో పెరిగిన నువ్వు నన్ను దాటిపోతుంటే చూడలేకపోయాను. కొండెక్కి, నీ మనసు ఆ కాలేజీ నుంచి మళ్ళించమని స్వామిని అడిగి, జడ ఇచ్చాను.

దిగి వచ్చేసరికి నువ్వు గడపలో ఉన్నావు. నా తల తడిమి, "నాయన కోసమా అక్కా?" అన్నావు. ఊ అన్నాను.

నువ్వు భోరున ఏడ్చి, "నువ్వు జడే ఇచ్చేసినావు, నేను కాలేజీ ఇడ్సలేనా" అని ఆ కార్డు చించి పొయ్యిలో వేశావు. నీ మనసు మార్చింది స్వామి కాదు. నా ఊ.

నాయన కోసం నేను ఏమీ ఇవ్వలేదు మునీ. నన్ను చూసి నువ్వు సిగ్గుపడవలసింది ఏదీ లేదు.

ఈసారి నీ మనసు మార్చమని అడగలేదు. ఆ మొక్కు మళ్ళీ మొక్కను. ఈ కాగితం రాసే ధైర్యం ఇమ్మన్నాను. అంతే.

హాల్‌టికెట్టు పంకజాక్షికి ఇచ్చాను. నీకు కోపం వస్తే ఈ ఇంటికి రావద్దు, వాళ్ళింట్లో దిగు. నీకు మంచం వేసి ఉంచమని చెప్పాను. తిరుపతికి ఆమె తోడు వస్తుంది. నాతో మాట్లాడకుండానే తిరిగి పో. పరీక్ష మాత్రం రాసి పో.