గట్టు లేని ఇంజను

సోమందేపల్లి నుంచి

చిరంజీవి తమ్ముడు ఓబులేసుకు అన్న వెంకటరాముడు దీవించి రాసే సంగతులు. నేను బాగున్నాను. నువ్వు, మరదలు, పిల్లలు, గొర్రెలు అందరూ బాగున్నారని నమ్ముతాను. పెద్దమ్మకు కాలివాపు తగ్గిందా? ఫోనులో చెప్తే నీకు సగం వినపడదు, నేను అరిస్తే పక్కింటోళ్లు బయటికొచ్చి చూస్తారు. అందుకే రాస్తున్నాను. నా అక్షరాలు వంకర. నీవి ఇంకా వంకర కాబట్టి నవ్వొద్దు.

చెనిక్కాయ విత్తే లోపల ఊరికి వస్తానా రానా అని అడిగినావు. చెప్తాను. ముందు ఇక్కడి సంగతి విను.

హిందూపురంలో కంటి ఆపరేషను బాగా జరిగింది. చుక్కల మందు కూడా అయిపోయింది. చూపు బాగుంది, చూడడానికే ఏమీ లేదు. రోడ్డు మీద లారీల మోత, ఇంట్లో ఫ్యాను మోత. నీళ్లు క్యానులో వస్తాయి, రుచీపచీ ఉండదు. సంగటి చేస్తారు, అది గిన్నెలో నిలబడదు, పారుతుంది. మా పిల్లోడు రమణ ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీకి పోతాడు, వస్తాడు, పడుకుంటాడు. మాట్లాడదామంటే మనిషి లేడు. అయినా బాగున్నాను, దిగులు పడొద్దు.

ఇక కోడలు పద్మ. ధర్మవరం మగ్గం ఇంటి పిల్ల. పొద్దున వంట చేసి, జాకెట్లు కుట్టి, మధ్యాహ్నం కంప్యూటరు ముందు కూర్చుని విమానాలు చేస్తుంది. నిజం విమానాలు కాదు, ఆట. బొమ్మ ముక్కలు ఇస్తారు, ఒకదానికొకటి తగిలించుకోవాలి. తయారైన ఇంజను కూడా ఆ ఆటలోనే ఉంది. ఈమె అది ముట్టదు. పిస్టన్లు తానే పెట్టి, అవి ముందుకు వెనక్కు పోయి ఇరుసును తిప్పేట్టు, ఆ ఇరుసు ముందరున్న రెక్కల ఫ్యానును తిప్పేట్టు చేస్తుందంట. డీజిలు లేదు, పొగ లేదు, చేతికి మసి అంటదు. దీన్ని ఇంజను అంటారు! బావి దగ్గర ఆయిలింజను హ్యాండిలు తిప్పి తిప్పి భుజాలు అరిగిపోయినోణ్ణి, నా ముందర!

నేను శుక్రవారం బస్సుకు వస్తానని బ్యాగు సర్దుకున్నాను. రమణ ఇక్కడే ఉండిపొమ్మని ఒకటే పోరు. అప్పుడు ఆమె అంది: “మామా, ఒక పందెం. నా ఇంజనుతో విమానం లేసిందంటే మీరు ఈడనే ఉండాల.”

“లేయకపోతే?”

“నేనే మిమ్మల్ని బస్సెక్కిస్తా. మీ కొడుకు అడ్డమొస్తే నేను చూసుకుంటా.”

నవ్వొచ్చింది. “సరే. మాట ఇచ్చినట్టే,” అన్నాను.

మొదట చేసింది చూడాల్సింది నువ్వు. పిస్టన్లన్నీ ఒకేసారి తోసినాయి. ఇరుసు కదల్లేదు, విమానం మాత్రం చలిజ్వరం వచ్చినట్టు వణికింది. “ఇదేనా లేసేది? దుప్పటి కప్పు దానికి,” అన్నాను. ఆమె ఉలకలేదు. “మగ్గం మీద మా అమ్మ రెండు కాళ్లూ ఒకతూరి తొక్కదు మామా. ఒకటి దిగితే ఇంకోటి లేస్తాది,” అని పిస్టన్లను వంతులు పెట్టింది. ఇరుసు తిరిగింది. కానీ కుంటెద్దు నడక. ఆగుతుంది, ఎగురుతుంది, ఆగుతుంది.

నేను ఊరికే ఉండి ఉంటే ఈపాటికి మన ఊర్లో ఉండేవాణ్ణి. కానీ ఆ నడక చూస్తే ఒళ్లు మండింది. ఇంజను అంటే ఎట్లుండాలో చూపిద్దామని, “పక్కన బరువు చక్రం పెట్టు. మన ఆయిలింజనుకు ఉండే ఇనుప చక్రం. అది ఊపందుకుంటే ఆగదు,” అన్నాను. పెట్టింది. ఇంజను ఎంత బాగా తిరిగిందో! “చూసినావా?” అంటూనే ఉన్నాను, విమానం నేల మీదనే పక్కకు ఒరిగి, వెల్లకిలా పడి, ఫ్యానుతో మన్ను తవ్వింది.

“బాగా తిరిగింది మామా,” అని ఆమె నవ్వు ఆపుకుంది. “బావికాడ ఇంజను కింద సిమెంటు గట్టు ఉంటాది, బోల్టులు బిగించింటారు. అందుకే ఇంజను నిలబడి చక్రం తిరుగుతాది. విమానం కింద ఏముండాది? గాలే కదా. చక్రం ఇట్ల తిరిగితే ఇంజను అట్ల తిరుగుతాది.”

అయినా నోరు మూసుకోలేదు. “అయితే గాలికి సిమెంటు పుయ్యి,” అన్నాను.

ఆమె బరువు చక్రం తీసేసింది. రెండు ఇంజన్లు చేసి, రెక్కకొకటి పెట్టి, ఒకటి ఇటు, ఇంకొకటి అటు తిరిగేట్టు చేసింది. ఎడ్లజత లాగా ఒకదాన్నొకటి సరిపెట్టుకున్నాయి. విమానం లేచింది.

“ఇది లేయడమా? కోడి కూడా ఇంత ఎగురుతాది,” అన్నాను. ఆ ఆటలో దూరంగా ఒక గుట్ట ఉంది, పెనుకొండ కొండలో సగం ఉంటుంది. “దాన్ని చుట్టి రా, అప్పుడు మాట్లాడు.”

చుట్టి వచ్చింది. దిగేటప్పుడు ఒక చక్రం ఊడింది. అది దిగడం, పందెం లేయడానికి కదా. ఆ మాట ఆమె అనలేదు, నాకే తెలుసు.

అప్పుడే రమణ నిద్ర లేచి వచ్చినాడు. “ఏం నాయనా, బస్సు ఎన్నింటికి?” అని పండ్లన్నీ బయటపెట్టినాడు.

“నోర్ముయ్. బస్సూ లేదు, గిస్సూ లేదు,” అన్నాను.

కాబట్టి నేను రావడం లేదు తమ్ముడా. ఈ ఊరు నచ్చి కాదు. ఆ ఆట మీద నాకు గౌరవం లేదు, పొగ రాని ఇంజనును నేను ఇంజను అనను. కానీ మాట ఇచ్చినాను. నా చేను ఈసారి నువ్వే విత్తు. వాన పడినాక పదును చూసి వెయ్యి, నీ తొందర నాకు తెలుసు. ఈ పక్క ఎవరైనా వస్తే కొంచెం రాగిపిండి, సంగటిలో నంజుకోను ఊరిబిండి పంపించు. సంగటి ఎట్ల చేయాలో ఈమెకు నేనే చూపిస్తాను, అది నాకు బాగా తెలుసు.

ఇంకొకటి. అన్న ఏమైనాడని ఊర్లో అడుగుతారు. ఒంట్లో సత్తువ లేక కొడుకు పంచన చేరినాడని చెప్పినావంటే, నడిచి వచ్చి తంతాను. కోడలితో పందెం కట్టి ఓడినాడు, ఓడి మాట మీద నిలబడినాడు అని చెప్పు. రచ్చకట్ట మీద, అందరూ వినేట్టు చెప్పు.

పెద్దమ్మ కాళ్లకు నా దండాలు. మరదలికి, పిల్లలకు నా దీవెనలు. ఒళ్లు జాగ్రత్త.

ఇట్లు
నీ అన్న
వెంకటరాముడు