ఐసుగదిలో చదువు

బావకి,

నాగలక్ష్మి రాస్తున్నది. ఇక్కడ అత్త, పాప, నేను చల్లగా ఉన్నాం. అంత దూరాన గుజరాత్‌లో, వేరావల్ రేవులో నువ్వూ నీ బోటువాళ్లూ అలాగే ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. అమ్మ మోకాలు ఎలా ఉందని అడిగావు. అత్తకి కాస్త నయం. మన పాపకి ముందుపళ్లు ఊడాయి. నాన్న పేరు చెప్పమంటే సగం పేరు గాలిలో పోతోంది.

మన రేవులో మూతపడిన చేపల ఐసుగది ఏమైందనీ అడిగావు. కంకిపాడు నుంచి వచ్చిన సుబ్బరత్నం టీచరు గారు పంచాయతీతో మాట్లాడి దాన్ని చదువు కేంద్రం చేశారు. సాయంత్రం పిల్లలు, పొద్దుగుంకాక ఆడవాళ్లు వస్తారు. టీచరు గారికి సాయంగా నేనూ వెళ్తున్నాను. గోడలు ఇంకా చల్లగానే ఉంటాయి. తలుపు తీస్తే మడచెట్ల మీదుగా ఉప్పుగాలి వచ్చి పుస్తకాల పేజీలు తిప్పుతుంది. పిల్లలు వల్లెవేస్తుంటే ఆ గదే నీళ్లమీద మెల్లగా కదులుతున్నట్టు ఉంటుంది నాకు.

అత్త మొదట చల్లదనం కోసమే వచ్చి ఓ మూల కూర్చునేది. ఒకరోజు పిల్లలు కథ అడిగారు. తన చిన్నప్పుడు తెల్లవారుజామున తండ్రి పడవ పొగమంచులో దారి తప్పితే, తల్లి ఒడ్డున నిలబడి ఇత్తడి పళ్లెం మోగించి వెనక్కి పిలిచిన సంగతి చెప్పింది. పిల్లలు రాసుకున్నారు. మర్నాడు తిరుపతిరావు కూతురు సింధూరి లేచి అది చదివింది. అత్త కళ్లు మూసుకుని విన్నది.

"ఇయ్యి నా మాటలే గదే! ఇంకోసారి చదవ్వే తల్లీ. మా అమ్మ పళ్లెం కొడతన్నట్టే ఉంది."

ఆ పూట ఎవరికీ ఇంటికి కదలబుద్ధి కాలేదు. ఆ పొగమంచు గదిలోకే వచ్చినట్టు ఊరికే కూర్చుండిపోయాం.

బావా, ఇప్పుడు అసలు మాట. అక్కడ గది చూశానని, పాపని తీసుకుని వచ్చెయ్యమని రాశావు. పోయినసారి ఫోనులో నేనూ సరే అన్నాను. కానీ నేను రాను. టీచరు గారు చల్లపల్లి దగ్గర ఇంకో కేంద్రం పెట్టడానికి వెళ్తూ, "అమ్మాయ్, దీన్ని నువ్వు నడుపుతావా?" అన్నారు. నిన్ను అడగకుండానే "నడుపుతానండీ" అనేశాను. నువ్వు లేని ఇల్లు ఎంత వెలితిగా ఉంటుందో నాకే తెలుసు. అయినా ఆ తలుపు మూసి రైలెక్కలేను. కోపం వస్తే వచ్చిందని రాయి. ఈ వేట ముగిశాక నువ్వే ఇక్కడికి వచ్చేస్తే నాకు అంతకంటే ఏం కావాలి?

ఇదంతా అత్తకి చెప్పి, నువ్వేమంటావోనని భయపడ్డాను. అత్త నవ్వింది.

"ఆడూ ఏడో క్లాసులో బడి ఎగ్గొట్టినోడే గదా. రానీ, ఆడికీ ఓ చాప ఎయ్యి."

ఇట్లు,
నీ దారి చూస్తుండే
నీ మరదలు నాగలక్ష్మి