కళ్లు మూసుకుని ఎత్తిన చేతులు

ఏమండీ, అన్నం పొయ్యి పక్కనే ఉంది, కూర వేడి చేసుకోండి. పాపకి పడుకునే ముందు జ్వరం మందు పట్టడం మర్చిపోకండి.

నేను వెనక వీధి లారీ డ్రైవరు ముసలాయనకి ఒళ్లు తుడవడానికి వెళ్తున్నాను. పక్షవాతంతో మంచాన పడ్డాడే గానీ కుడిచెయ్యి బాగానే ఆడుతుంది. మొన్న ఆ చేత్తోనే చెంబు విసిరి, చూడ్డానికొచ్చిన నర్సమ్మ నుదురు పగలగొట్టాడు. ఈస్టరు ముందొచ్చే ఈ శ్రమల దినాల్లో ఆయనకి సేవ చేసేదెవరో చెయ్యెత్తమని చర్చిలో పాస్టరుగారు అడిగినప్పుడు, నేను కళ్లు మూసుకుని, చేతులెత్తి ఇంకా ప్రార్థనలోనే ఉన్నాను. కళ్లు తెరిచేసరికి అందరూ నావైపే చూస్తున్నారు. మీరు నవ్వాపుకోవడం కూడా చూశాను. ఇక సరేనని తలూపేశాను.

సబ్బు, తువ్వాలు సంచిలో పెట్టుకున్నాను. స్టీలు చెంబు ఇంట్లోనే ఉంచి ప్లాస్టిక్ మగ్గు తీసుకెళ్తున్నాను. అది విసిరినా తల పగలదు కదా.

ఇంకో మాట. పాప పడుకున్నాక పక్కింటి అక్కని కూర్చోబెట్టి, మీరొచ్చి ఆ ముసలాయన వీధి చివర నిలబడండి. గుమ్మం దాకా మాత్రం రావద్దు. మీరు కనిపిస్తే ఆయన్ని సగం తడిపి వదిలేసి మీ వెంట వచ్చేస్తాను.