తడబడని వాక్యం

అక్కా,

బావా నువ్వూ కులాసానా? నాకు కాలేజీలో ఉపన్యాసాల క్లాసు బాగానే సాగుతోంది. క్లాసయ్యాక సార్ నన్నొక్కణ్ణే ఉండమని మరీ నేర్పుతున్నారు.

నాకిచ్చిన అంశం పోయిన నెల మా ల్యాబ్‌లో జరిగిన అగ్నిప్రమాదం. నేను చూసింది చూసినట్టు రాసుకెళ్లాను. "వెనక తలుపుకు తాళం వేయించింది ప్రిన్సిపాల్ గారే, అందుకే అటెండర్ బయటికి రాలేకపోయాడు" అన్న వాక్యాన్ని సార్ ఎర్ర సిరాతో కొట్టేశారు. దాని చోట "తాళం వేసింది అటెండరే" అని రాసిచ్చారు.

ఆ వాక్యం దగ్గరికొచ్చేసరికి తడబడేవాణ్ణి. "కంగారెందుకు బాబూ? అక్కడ రెండు సెకన్లు ఆగు, బాధపడుతున్నట్టు ఉంటుంది" అన్నారు. పద్దెనిమిదోసారికి తడబాటు పోయింది. నిన్న అద్దం ముందు చెప్పుకుంటే నేనే నమ్మేశాను.

అటెండర్ ఆస్పత్రిలో ఇంకా కళ్లు తెరవలేదు.

సోమవారం నేను మాట్లాడాల్సింది క్లాసులో కాదక్కా, విచారణ కమిటీ ముందు. మార్కులు మాత్రం సార్ ఇప్పుడే వేసేశారు, నూటికి నూరు.

భయమేస్తే తెలిసిన మొహం ఒకటి ఎంచుకుని, దాన్నే చూస్తూ మాట్లాడమన్నారు సార్. చిన్నప్పటినుంచీ నీ మొహం చూస్తూ నేను ఒక్క అబద్ధమైనా చెప్పగలిగానా? విచారణకు ఎవరైనా రావచ్చట. పదింటికల్లా వచ్చి ముందు వరుసలో కూర్చో.

నువ్వు రాకపోతే నేను చాలా బాగా మాట్లాడేస్తాను.

నీ తమ్ముడు