శీను కుర్చీకి జిమ్మీ కాపలా

బంద్ రోజు, రాత్రి. తార్నాక.

శాంతి శాంతి అని గొంతు చించుకునేవాడా, నిన్ను నువ్వే అడుగు: నీ ఇంట్లో కుక్కకే శాంతి లేదేం?

సాయంత్రం సత్సంగానికి వచ్చిన యాదగిరన్న తెలియక మా అబ్బాయి శీను కుర్చీలో కూర్చున్నాడు. టెర్రియర్ జిమ్మీ ఎగిరి పిక్క పట్టుకుంది.

"ఏంది స్వామీ, నీ ప్రవచనం దీనికి చెప్పలేదా?" అని నవ్వుతూనే సూదికి పోయాడు.

"రేపే దీన్ని ఎవరికన్న ఇచ్చెయ్‌రి," అన్నది మా ఆవిడ.

కోపం గురించిన శ్లోకం కోసం గ్రంథం తెరిచాను. కళ్ళు కుర్చీ మీదికే పోయాయి. తెలంగాణ ఉద్యమమంటూ కొడుకు యూనివర్సిటీ హాస్టల్లోనే ఉండిపోయినప్పటి నుంచి, అందులో ఎవరు కూర్చున్నా నాకూ కరవాలనే ఉంటుంది. జిమ్మీ కరిచింది, నేను శ్లోకాలు చదువుతున్నాను...

యూనివర్సిటీ గేటు దగ్గర పోలీసులుంటే ఉండనీ. లే, గొలుసు అందుకో. జిమ్మీని వెంటబెట్టుకుని ఇప్పుడే వాడి దగ్గరికి నడువు.