మీసాల విలన్‌కు కొబ్బరికాయ

బీరంగూడ,
ఆదివారం.

సంపాదకులు భీమశంకరం గారికి నమస్కారాలు.

నా నవల చివర్లో విలన్‌ని చంపమన్నారు. వారమంతా కూర్చున్నా కలం కదల్లేదు. చేతులు ఊరుకోక, ఫ్యాక్టరీ యూనిఫాంలు కుట్టే టైలరిచ్చిన గుడ్డపీలికలతో వాణ్ణే బొమ్మగా కుట్టాను. ఎర్రటి కళ్లు, చెవుల దాకా మీసాలు! కుడుతున్నంతసేపూ నవ్వు ఆగలేదండీ!

మీసాల జిగురు ఆరాలని బయట చెప్పుల స్టాండు మీద కూర్చోబెట్టాను. మా ఇంటి ఓనరు రాజవ్వ చూసి అదిరిపడింది.

"అయ్యో బిడ్డా! బొంతపల్లి వీరభద్రున్ని గిట్ల చెప్పులకాడ కూసోబెడ్తరా?"

నేను నోరు విప్పేలోగా పీట వేసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టేసింది. పక్కవాటా వాళ్లూ వచ్చి దండం పెట్టుకున్నారు.

ఇక వాణ్ణెలా చంపను? కొబ్బరిముక్క పంపుతున్నాను, కళ్లకద్దుకుని తినండి. ఆ తర్వాత కూడా చంపాల్సిందే అంటే, ఆ మాట రాజవ్వకు మీరే వచ్చి చెప్పండి.

ఇట్లు,
మీ రచయిత్రి